షుగర్ చూస్తున్నాం, మూత్రం చూడటం లేదు

2016 నవంబరు 16న అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ తన అనారోగ్యం గురించి దాపరికం లేకుండా ట్విటర్‌లో చెప్పేశారు. కిడ్నీలు పాడయ్యాయని, ఎయిమ్స్‌లో డయాలసిస్ మీద ఉన్నానని, మార్పిడి కోసం పరీక్షలు జరుగుతున్నాయని రాశారు. తెలంగాణ బిల్లు రోజుల్లో ఈ చిన్నమ్మను కూడా గుర్తుపెట్టుకోండి అని లోక్‌సభలో అడిగిన మనిషి కావడంతో ఆ వార్త తెలుగు నేల మీద చాలామందిని కలవరపెట్టింది. ఆమెకు ఏళ్ల తరబడి షుగర్ ఉంది. ఆ డిసెంబరులో కిడ్నీ మార్పిడి జరిగింది. కోలుకుని మళ్లీ పనిలో పడ్డారు. 2019 ఆగస్టు 6 రాత్రి గుండె ఆగిపోయి కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు.

అదే మంత్రివర్గంలో ఉన్న అరుణ్ జైట్లీకి కూడా చాలాకాలంగా షుగర్ ఉంది. 2005లో గుండెకు బైపాస్ చేశారు. 2014లో బరువు తగ్గేందుకు శస్త్రచికిత్స చేయించుకున్నారు. 2018 మే నెలలో ఎయిమ్స్‌లో కిడ్నీ మార్చారు. చివరికి ఆయన ప్రాణం తీసింది వేరే జబ్బే అయినా, అంతకుముందు ఒంట్లో నడిచిన వరస మాత్రం మన ఊళ్లలో, మన వీధుల్లో రోజూ కనబడేదే. ముందు షుగరో బీపీయో వస్తుంది. కొన్నేళ్లకు గుండె, ఆ తర్వాత కిడ్నీ. లేదా ముందు కిడ్నీ, ఆ వెనకే గుండె.

ఇవి రెండూ ఇలా జంటగా చెడిపోవడం ఎవరి ఖర్మా కాదు. దేశంలోని కిడ్నీ నిపుణులు 52 వేల మందికి పైగా రోగుల వివరాలను ఒక రిజిస్ట్రీగా కూర్చి 2012లో ప్రచురించారు. వారిలో 31 శాతం మందికి షుగర్ వల్ల, 13 శాతం మందికి బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది షుగర్ అంచున ఉన్నారు. పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ ఉంది. టైప్ 2 షుగర్ ఉన్న ప్రతి ముగ్గురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీ దెబ్బ తగులుతుంది. ఇంతమందికి ఇన్నేళ్లుగా వైద్యం జరుగుతోంది. కానీ ఆ వైద్యంలో ఒక చవకైన పరీక్షకు చోటు లేకపోవడం వల్ల, కాపాడుకోగలిగిన కిడ్నీలను, వాటితోపాటు గుండెలను పోగొట్టుకుంటున్నాం. ఆ లోటును పూడ్చడం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల చేతిలో ఉన్న పని.

ఆంధ్రప్రదేశ్‌లో 104 సంచార వైద్య వాహనం ఊళ్లోకి వస్తుంది. పంచాయతీ ఆఫీసు వరండాలోనో బడి ఆవరణలోనో కుర్చీలు వేస్తారు. పెద్దవాళ్లు పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని వరస కడతారు. వేలు గుచ్చి చుక్క రక్తం స్ట్రిప్ మీద పెడతారు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. ‘పెద్దమ్మా, షుగర్ రెండొందలు దాటింది, అన్నం తగ్గించవే’ అని ఏఎన్ఎం కేకలేస్తుంది. ‘ఏం తింటున్నానే తల్లీ, రెండు ముద్దలేగా’ అని పెద్దమ్మ సణుగుతుంది. నెలకు సరిపడా మాత్రలు కవర్లో పోసి ఇస్తారు. ఈ ఏర్పాటు ఎంతో మందిని బతికిస్తోంది. ఒకప్పుడు ఆ మాత్రల కోసం టౌనుకు పోలేక మానేసిన వాళ్లంతా ఇప్పుడు వాడుతున్నారు. అయితే ఆ వరండాలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా కూడా ఉండాలి. మూత్రం పట్టి ఇవ్వడానికి.

టౌనులో ప్రైవేటు డాక్టరు దగ్గరకు వెళ్లేవాళ్ల పరిస్థితీ అంతంతే. తినకముందు ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సగటు ఎంత అన్న మూడు అంకెల చుట్టూనే మాటంతా తిరుగుతుంది. మహా అయితే ఏడాదికోసారి క్రియాటినిన్ రాస్తారు. అది మామూలుగా ఉంటే కిడ్నీల గొడవ లేదని ఇంటికొచ్చి చెబుతారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఆ ధైర్యంలో చాలా భాగం ఉత్తదే. అరవై ఏళ్ల ఆడమనిషి ఒకామెను తీసుకుందాం. క్రియాటినిన్ 1.2 వచ్చింది. చాలా ల్యాబుల్లో ఆ అంకె మామూలు కిందకే వస్తుంది, లేదా గీత మీద ఉంటుంది. డాక్టర్లు వాడే సూత్రంలో ఆమె వయసు, ఆ అంకె వేసి చూస్తే కిడ్నీలు నిమిషానికి వడగట్టే రక్తం 52 మిల్లీలీటర్ల దగ్గర తేలుతుంది. 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అదే 1.2 పాతికేళ్ల కుర్రాడికి వస్తే 86 దాకా వస్తుంది, అతనికి భయం లేదు. కాగితం మీద ఒకే అంకె, ఒంట్లో రెండు వేరు వేరు కథలు. క్రియాటినిన్ కండ నుంచి పుట్టే వ్యర్థం. కండ తక్కువగా ఉండే ఆడవాళ్లలో, వయసు మీరినవాళ్లలో కిడ్నీ సగం పోయినా అది పెద్దగా పెరగదు. అందుకే రిపోర్టులో క్రియాటినిన్ పక్కనే ఈ వడపోత లెక్క, అంటే ఈజీఎఫ్ఆర్ అంకె కూడా అచ్చు కావాలి. దానికి కొత్త మిషను అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు. ల్యాబు కంప్యూటరు లెక్క కట్టేస్తుంది. కొన్ని ల్యాబులు ఇప్పటికే ఇస్తున్నాయి. మిగతావాళ్లు ఎందుకు ఇవ్వరో అర్థం కాదు.

ఈజీఎఫ్ఆర్ కూడా తగ్గకముందే, ఎన్నో ఏళ్ల ముందే కబురు చెప్పేది మూత్రంలోని అల్బుమిన్. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా నీటిని వడగట్టి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పంపి, మిగతాదంతా తిరిగి రక్తంలోకి తీసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను దాదాపుగా దాటనివ్వదు. షుగర్, బీపీ దెబ్బకు జల్లెడ కన్నాలు పెద్దవి కావడం మొదలైతే ముందుగా జారిపోయేది అదే. మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు అల్బుమిన్ ఉంటే పరవాలేదు. 30 దాటితే కిడ్నీ దెబ్బ మొదలైనట్టు, 300 దాటితే బాగా ముదిరినట్టు. దీన్ని ఏసీఆర్ పరీక్ష అంటారు. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టే బాధ లేదు, పొద్దున పట్టిన కాస్త మూత్రం చాలు. బయట చేయించుకున్నా కొన్ని వందల రూపాయలతో పోతుంది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షను ఉన్నప్పుడు తప్పుగా ఎక్కువ చూపవచ్చు కాబట్టి ఒకసారి ఎక్కువొస్తే మళ్లీ చేసి నిర్ధారించుకుంటారు. టైప్ 2 షుగర్ అని తెలిసిన రోజు నుంచే, ఏడాదికి కనీసం ఒకసారి, ఈజీఎఫ్ఆర్‌తో పాటు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి.

ఈ దశలో రోగికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. ‘మూత్రం బాగానే వస్తోంది కదా, ఇక కిడ్నీలకేం’ అనేది మన ఊళ్లలో బలంగా నాటుకుపోయిన మాట. మూత్రం ఎంత వస్తోందన్నదానికీ, కిడ్నీ ఎంత శుభ్రం చేస్తోందన్నదానికీ సంబంధం తక్కువ. కిడ్నీలు పదిహేను శాతానికి పడిపోయినా చాలామందికి మూత్రం ధారాళంగానే వస్తుంది.

గుండెకూ ఈ అల్బుమిన్‌కూ ఉన్న చుట్టరికం ఇవాళ కనిపెట్టింది కాదు. లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో రిచర్డ్ బ్రైట్ అనే డాక్టరు ఒళ్లు వాచిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద వేడి చేసి చూసేవాడు. అల్బుమిన్ ఉంటే అది తెల్లగా గడ్డకడుతుంది. 1836లో అలాంటి వంద మంది రోగుల వివరాలు ప్రచురిస్తూ, చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు చెడినవారిలో చాలామందికి గుండె కూడా పెరిగి ఉందని రాశాడు. అప్పటికి చేతికి కట్టే బీపీ పట్టీయే లేదు. అది వచ్చింది 1896లో. చెంచా, కొవ్వొత్తితో ఆయన పట్టుకున్న ఆ లంకెను అమెరికా గుండె సంఘం 2023లో గుండె-కిడ్నీ-జీవక్రియల జబ్బు అని ఒకే పేరు కిందకు తెచ్చింది. మధ్యలో గుండెకు ఒక డాక్టరు, కిడ్నీకి ఒక డాక్టరు, షుగర్‌కు ఇంకో డాక్టరు అని వైద్యం విడిపోయింది. ముగ్గురి చీటీలూ ఒక్క కవర్లో పెట్టుకుని తిరిగేది మాత్రం రోగే.

అసలు లోపల ఏం జరుగుతుంది? గుండె పంపే రక్తంలో ఐదో వంతు, నాలుగో వంతు నేరుగా కిడ్నీలకే వెళ్తుంది. రెండూ కలిపి మూడొందల గ్రాములు తూగే అవయవాలకు అంత రక్తం! బీపీ ఎక్కువైతే ఆ పోటు కిడ్నీలోని సన్న రక్తనాళాల గుత్తుల మీద పడుతుంది. షుగర్ ఎక్కువైతే ఆ గుత్తిలోకి రక్తం తెచ్చే నాళం తెరుచుకుపోయి లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కొన్నేళ్లపాటు కిడ్నీ మోతాదుకు మించి వడగడుతుంది, అప్పుడు ఈజీఎఫ్ఆర్ చూసినా బ్రహ్మాండంగా కనబడుతుంది. తర్వాత గుత్తులు ఒక్కొక్కటే గట్టిపడి మూసుకుపోతాయి. మిగిలినవాటి మీద బరువు పెరిగి అవీ పోతాయి. కిడ్నీ నలిగేకొద్దీ ఉప్పును, నీటిని బయటికి పంపలేదు, రక్తనాళాలను బిగించే రసాయనాలను ఎక్కువగా వదలడానికి కారణమవుతుంది. దాంతో బీపీ ఇంకా ఎగబాకుతుంది. ఆ పోటుకు ఎదురు కొట్టి కొట్టి గుండె కండరం మందమై బిరుసెక్కుతుంది. కిడ్నీ చేయాల్సిన హార్మోను తగ్గి రక్తహీనత వస్తుంది, రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుంటుంది. గుండె నీరసిస్తే కిడ్నీకి రక్తం చాలదు. ఒకటి పడుతూ రెండోదాన్ని లాగేస్తుంది.

అందుకే కిడ్నీ జబ్బు మొదలైనవాళ్లలో డయాలసిస్ దాకా వెళ్లేవాళ్ల కంటే, ఆ లోపే గుండెపోటుతోనో పక్షవాతంతోనో పోయేవాళ్లే ఎక్కువ. ఇంట్లోవాళ్లు ‘హార్ట్ ఎటాక్ వచ్చి పోయాడు’ అంటారు. కిడ్నీ ఊసు ఎక్కడా రాదు.

పైగా షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు, నరాలు మొద్దుబారి ఉంటాయి కాబట్టి. ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, కడుపులో ఉబ్బరం, నీరసం. అర్ధరాత్రి అలా వస్తే ‘గ్యాస్ పట్టేసింది’ అని సోడా తాగించి పడుకోబెడతారు. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. అమెరికాలోని ఫ్రామింగామ్ అధ్యయనం 1974లోనే చెప్పింది, షుగర్ ఉన్న మగవాళ్లలో గుండె వైఫల్యం ముప్పు రెండింతలైతే ఆడవాళ్లలో ఐదింతలని. మన ఇళ్లలో భర్త మాత్రలు అయిపోతే ఆ రోజే తెప్పిస్తారు. ఆమె మాత్రలు అయిపోతే ఒకటో తారీఖు దాకా ఆగుతాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే వయసు మీద పడిందంటారు. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటోందంటే అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్తారు.

ఇక, ఈ జబ్బు గురించి జనంలో ఉన్న నమ్మకాల్లోకెల్లా ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది ఒకటుంది. ‘షుగర్, బీపీ మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు పాడవుతాయి’. బస్సులో, పెళ్లి భోజనాల దగ్గర, వాట్సాప్‌లో ఎక్కడ విన్నా ఇదే. ఆ నమ్మకం ఎలా పుట్టిందో అర్థం చేసుకోవచ్చు. కిడ్నీలు పోయిన పక్కింటాయన పదేళ్లు మాత్రలు మింగాడు. చూసేవాళ్లకు మాత్రలు కనబడ్డాయి, ఆ పదేళ్లూ లోపల తగ్గని బీపీ కనబడలేదు. దాంతో కాస్త బాగుందనిపించగానే మాత్రలు ఆపేస్తారు, ఏ ఆకు పసరో, భస్మమో మొదలుపెడతారు. ఆ భస్మాల్లో సీసం, పాదరసం లాంటి లోహాలు కలిసి ఉంటే కిడ్నీకి అసలైన హాని అక్కడే జరుగుతుంది. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నాక దాని మోతాదు తగ్గించాలి, ఇంకా దిగితే ఆపాలి. ఆ ఆపడాన్ని చూసి ‘చూశారా, డాక్టరే మాన్పించాడు’ అని జనం ఇంకో అర్థం తీస్తారు.

ఇంతకంటే మోసపోయే ఘట్టం ఒకటుంది. ఏళ్లుగా లొంగని షుగర్ ఉన్నట్టుండి తగ్గిపోతుంది. ఇన్సులిన్ సగం వేసుకున్నా చాలు, ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోయేంతగా పడిపోతుంది. షుగర్ తగ్గిపోయిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు, దేవుడికి మొక్కు తీర్చుకుంటారు. ఒంట్లోని ఇన్సులిన్‌ను కరిగించి పంపేయడంలో కిడ్నీకి పెద్ద పాత్ర ఉంది. కిడ్నీ చేతకానిదైతే ఇన్సులిన్ ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. ఆ తగ్గుదల చాలాసార్లు కిడ్నీ చివరి దశకు వచ్చిందనడానికి గుర్తు. సంతోషపడాల్సిన రోజున కాదు, పరుగున ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజున మొక్కులు తీర్చుకుంటున్నారు.

ముందే పట్టుకుంటే చేయగలిగిందేమైనా ఉందా అంటే, గత పదేళ్లలో ఉన్నంతగా ఎన్నడూ లేదు. ముందుగా పాత దారి, బీపీ అదుపు. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ పరిశోధన 1998లో తేల్చింది చూడండి. షుగర్‌తో పాటు బీపీ కూడా ఉన్నవాళ్లలో బీపీని గట్టిగా అదుపు చేస్తే షుగర్ సంబంధిత మరణాలు 32 శాతం, పక్షవాతం 44 శాతం తగ్గాయి. గట్టిగా అంటే 144/82 దగ్గరికి, అంతే. ఇవాళ్టి లక్ష్యం 130/80 లోపు. బీపీ మాత్రల్లోనూ కిడ్నీ లోపలి ఒత్తిడిని ప్రత్యేకంగా తగ్గించే రకం ఒకటుంది. అల్బుమిన్ కారుతున్నవాళ్లకు అది ముఖ్యం. ఆ రకంలోని లోసార్టాన్ షుగర్ రోగుల కిడ్నీలను కాపాడుతుందని 2001లోనే రుజువైంది. అదే రకానికి చెందిన టెల్మిసార్టాన్ ఇప్పుడు మన పీహెచ్‌సీల్లోనే దొరుకుతోంది.

ఆ తర్వాత వచ్చింది ఇంకా పెద్ద మలుపు. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని తీశారు. అది ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని ఆ శతాబ్దంలోనే తెలిసింది. ఆ దారి పట్టుకుని చాలా కాలానికి గ్లిఫ్లోజిన్ మందులు వచ్చాయి. షుగర్ మందులు గుండెకు హాని చేయడం లేదని రుజువు చూపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో షరతు పెట్టింది. ఆ షరతు కోసం చేసిన పరీక్షలో 2015లో అనుకోని ఫలితం వచ్చింది. ఎంపాగ్లిఫ్లోజిన్ వాడిన గుండె జబ్బు రోగుల్లో గుండె, రక్తనాళాల కారణంగా వచ్చే మరణాలు 38 శాతం తగ్గాయి. 2019లో క్రెడెన్స్, 2020లో డాపా-సీకేడీ పరిశోధనలు కిడ్నీకీ అంతే మేలు ఉందని తేల్చాయి. రెండో దాంట్లో డాపాగ్లిఫ్లోజిన్ వాడినవాళ్లలో కిడ్నీ బాగా దిగజారడం, డయాలసిస్‌కు చేరడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం అన్నీ కలిపి 39 శాతం తగ్గాయి. గుత్తిలోకి వచ్చే నాళాన్ని మళ్లీ సరిపడా బిగించి లోపలి ఒత్తిడి తగ్గించడం ఈ మాత్ర చేసే పని. మొదటి కొన్ని వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరిగినట్టు కనబడేదీ అందుకే. ఆ కొద్ది పెరుగుదల చూసి భయపడి మందు మానేయకూడదు. మర్మాంగాల దగ్గర ఫంగస్ రావచ్చు కాబట్టి శుభ్రత కావాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఆపరేషను ముందు తాత్కాలికంగా ఆపాలి. ఈ జాగ్రత్తలు డాక్టరు నోటితో చెప్పాలి, రోగి భాషలో చెప్పాలి.

ధర మాటేమిటి? డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిశాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్ర అరవై రూపాయల చుట్టుపక్కల ఉండేది. పేటెంట్ పోగానే కొన్ని కంపెనీలు పది రూపాయల లోపుకే ఇవ్వడం మొదలుపెట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రకం మందులను 2021లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. డబ్బున్నవాళ్ల మందు అని పక్కన పెట్టే రోజులు పోయాయి. ఎవరికి ఇవ్వాలో తేల్చే పరీక్షే చేయనప్పుడు మందు చవకైనా ఏం లాభం?

ఇంటి దగ్గర ఆగాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సూది, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కిడ్నీకి రక్తం తగ్గించేస్తాయి. టెల్మిసార్టాన్, నీరు దించే మాత్ర వాడుతున్న షుగర్ రోగి వాటితో పాటు నొప్పి బిళ్లలు కూడా మింగితే, ఎండాకాలంలో కూలికెళ్లి వచ్చిన రోజున కిడ్నీ ఉన్నపళంగా పడిపోగలదు. ‘బీపీ మాత్ర కిడ్నీ తీసింది’ అనుకునే కొన్ని కేసుల్లో అసలు దోషి ఈ నొప్పి బిళ్లే. ఉప్పు సంగతి అందరికీ తెలిసిందే. రోజుకు ఐదు గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో జనం మూత్రం ఇరవై నాలుగు గంటలు సేకరించి కొలిచిన అధ్యయనంలో సగటు తొమ్మిది గ్రాములు దాటింది. ఆవకాయ, ఎండుచేప, మజ్జిగ మిరపకాయలు రోజూ కంచంలో ఉంటే అంతే మరి. తక్కువ సోడియం ఉన్న ఉప్పు కొంటే సరిపోతుందని కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అనుకోకూడదు. అందులో పొటాషియం ఉంటుంది, అది వాళ్ల గుండెకే ప్రమాదం.

తెలుగువాళ్లకు కిడ్నీ జబ్బు అంటే గుర్తొచ్చే పేరు ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో షుగర్ లేని రైతులకు, కూలీలకు కిడ్నీలు పోవడం, కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలకపోవడం గుండె కోసే విషాదం. పోరాటాలు జరిగాక ఆ ప్రాంతానికి నీటి పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది. కారణం తెలియని జబ్బు మీద అంత కదలిక వచ్చింది. కారణం తెలిసి, పరీక్ష ఉండి, మందు ఉన్న షుగర్ కిడ్నీ మీద ఏ కదలికా లేదు. అది ఒక్క మండలంలో గుంపుగా లేదు, ప్రతి వీధిలో ఒక ఇంట్లో ఉంది. అందుకే ఎవరూ ధర్నా చేయరు.

ప్రభుత్వాలు ఖర్చు పెట్టడం లేదనడం అన్యాయం. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదవాడికి డయాలసిస్ అందింది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. తెలంగాణలోనూ డయాలసిస్ రోగులకు పింఛను ఉంది. ఇవన్నీ ఉండాల్సినవే, ఒక్క పైసా తగ్గకూడదు. కానీ డయాలసిస్ కేంద్రంలో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది అది ఎంత కష్టమైన బతుకో. చేతిలో ఉబ్బిన నరంలోకి రెండు లావు సూదులు, నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం, వారానికి రెండు మూడు సార్లు. తోడు వచ్చిన కొడుకుకో కోడలికో ఆ రోజు కూలి పోతుంది. నీళ్లు కొలుచుకుని తాగాలి, పండు తినాలన్నా భయమే. ఇంత చేసినా మధ్యలో ప్రాణం తీసేది ఎక్కువగా గుండే. ఈ మంచం దాకా రాకుండా కొందరినైనా పదేళ్లు ముందు ఆపగలిగితే, అది ఆ మనిషికీ మేలు, ఖజానాకూ మేలు.

మన దగ్గర చేయలేమని అనడానికి లేదు. బీపీ అదుపు కోసం 2017 నవంబరులో మొదలైన జాతీయ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే వరసలో మాత్రలు, ప్రతి రోగికీ ఒక కార్డు, మాత్రలకు రానివాళ్లకు ఫోన్. అంత సాదా పద్ధతికి 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. దేశంలో బీపీ ఉన్నవాళ్లలో అదుపులో ఉన్నది 12 శాతం దగ్గరే అని ఆ కార్యక్రమమే చెప్పిన చోట, అది చిన్న విజయం కాదు. పీహెచ్‌సీ నుంచి శాంపిల్ జిల్లా ల్యాబుకు తీసుకెళ్లే వాహనం, రిపోర్టు ఫోనుకు వచ్చే పద్ధతి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ వల్ల ఇప్పటికే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఊరి క్లినిక్కు, 104 బండి, ఊరికి వచ్చే డాక్టరు ఉన్నారు. ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరికి షుగర్ ఉందో పేరు పేరునా తెలుసు.

కాబట్టి అడగాల్సింది చాలా తేలికైనదే. పుట్టినరోజు నెలలోనో, సంక్రాంతి వెళ్లిన నెలలోనో, ఏడాదికి ఒక్కసారి షుగర్ లేదా బీపీ ఉన్న ప్రతి మనిషి మూత్రం ఏసీఆర్ పరీక్షకు పోవాలి. రక్తం రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్ఆర్ అచ్చు కావాలి. ఏసీఆర్ 30 దాటినవాళ్లకు ఏ మాత్ర మొదలుపెట్టాలో పీహెచ్‌సీ డాక్టరుకు ఒక పేజీలో రాసిచ్చి, డాపాగ్లిఫ్లోజిన్‌ను ప్రభుత్వ మందుల జాబితాలో పెట్టాలి. వాళ్లకు ఈసీజీ కూడా అక్కడే తీయాలి. జిల్లాలవారీగా ఎంతమందికి బీపీ చూశాం, ఎంతమందికి షుగర్ చూశాం అని రెండు ప్రభుత్వాలూ లెక్కలు చెబుతున్నాయి. ఎంతమంది మూత్రంలో అల్బుమిన్ చూశారో, కారుతున్నట్టు తేలినవారిలో ఎంతమందికి మందు మొదలైందో ఆ లెక్కల్లోనే ఇంకో రెండు గడులుగా చేర్చి, వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచి మండలాలవారీగా బయటపెట్టాలి.